నడుం వాల్చిన అల్లుడుగారి కన్ను

ఆసుపత్రి గోడ మీద నా చేత్తో రాసి అంటించిన ఒక వాక్యం, కొత్త పెళ్లికొడుకు కుడికన్ను తీసినంత పని చేసింది. ఇప్పుడే నవ్వకండి. నవ్వాల్సిన చోటు ముందుంది, చాలా ఉంది.

అమలాపురంలో ఒక కంటి ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు ఆయాగా చేసి దిగిపోయాను. ఆసుపత్రి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఇందులో ఉన్నవాళ్లంతా క్షేమంగా ఉన్నారు, బజార్లో ఎదురైతే కాఫీ తాగి వెళ్లమంటారు. ఆ కాఫీ పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

నలభయ్యో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా కాంపౌండరుగారు పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు దిద్దించి నేర్పారు. ఆయన నాలుక మహా చెడ్డది. "ఆయమ్మగారూ, మీరు రాసిన వాక్యం చూస్తే చీమలు పెళ్లికి బయల్దేరినట్టుందండీ" అనేవారు. అంటూనే దగ్గర కూర్చుని మళ్ళీ దిద్దించేవారు. ఆలస్యంగా చదువుకున్నవాళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఖాళీ గోడ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చెప్పులు ఇచ్చట విడువవలెను. కంటి చుక్కలు వేసుకున్నవారు ఫ్యాను కింద కూర్చొనరాదు. ఒకరి తువ్వాలు మరొకరు వాడరాదు. ఆ ఆసుపత్రిలో 'వలెను'లూ 'రాదు'లూ అన్నీ నావే.

ఊడ్చే పని, చుక్కలు వేసే పని కాక నాకు ఇంకో కొలువు ఉండేది. కళ్ళజోడు బదులు కంట్లో పెట్టుకునే పల్చటి లెన్సులు కొన్నవాళ్లకి, వాటిని పెట్టడం, తీయడం నేర్పేదాన్ని. డాక్టరుగారికి అంత ఓపిక లేదు. కాంపౌండరుగారివి అరటికాయల్లాంటి వేళ్లు. కాబట్టి నేనే మాస్టారిని. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోండి, కుళాయి నీళ్లు తగలనివ్వకండి, డబ్బీలో మందునీళ్లు రోజూ మార్చండి. ఇంతే నా పాఠం. ఇంత చిన్న పాఠానికీ మనవాళ్లు సొంత తెలివి కలుపుతారు. ఒకావిడ మందునీళ్లు అయిపోయాయని లెన్సుల్ని లేత బొండం నీళ్లలో వేసి గ్లాసుతో సహా పట్టుకొచ్చింది. "చెట్టు మీంచి దింపి ఇప్పుడే కొట్టేమండీ, ఇంతకంటే స్వచ్ఛమైందేముంటుందండీ" అని నన్నే అడిగింది. ఆ గ్లాసు లాక్కుని పారబోశాను. బొండం తాగడానికి, కన్ను చూడ్డానికి అని చెప్పి పంపాను.

అందరికీ గట్టిగా చెప్పే మాట ఒకటుంది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరకి రక్తనాళాలు ఉండవు. బయటి గాలే దాని తిండి. లెన్సు పెడితే దాని మీద ఒక దుప్పటి కప్పినట్టు. ఆ పైన రెప్ప మూసి నిద్రపోతే రెండో దుప్పటి. మన ఎండాకాలం ఉక్కలో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటే మీకెలా ఉంటుందో దానికీ అలాగే ఉంటుంది. నీరసించి ఎక్కడో గీరుకుంటుంది, ఆ గీరుడులో క్రిములు కాపురం పెడతాయి, పుండు పడుతుంది. అది నడిమధ్యన పడిందా, చూపు పోతుంది. ఇదంతా గోడ మీద పట్టదని, కాంపౌండరుగారి దగ్గర స్కెచ్ పెన్నులు అడిగి పుచ్చుకుని, ఒక్క ముక్కలో రాశాను: "రాత్రి పడుకునే ముందు లెన్సులు తీసి డబ్బీలో పెట్టవలెను." 'రాత్రి' అన్న మాట ఎర్రరంగుతో. డాక్టరుగారు చూసి, బాగుందమ్మా అని, లామినేషన్ చేయించి మరీ పెట్టించారు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నేను దిగిపోవడానికి రెండేళ్ల ముందు, పెళ్లిళ్ల రోజుల్లో, ఒక వ్యానులోంచి తొమ్మిదిమంది దిగారు. మధ్యలో నల్లద్దాల కుర్రవాడు. కుర్రవాడంటే ముప్పై ఉంటాయి. పెళ్లయి పదకొండు రోజులట. అతనిది అంతర్వేది వైపు, తండ్రికి పడవ ఉంది. గల్ఫులో క్రేను నడుపుతాడు. సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకున్నాడు, ఇంకో నెల తిరక్కుండా వెళ్లిపోవాలి. వెళ్లేముందు కంపెనీవాళ్లకి కంటి పరీక్ష కాగితం ఇవ్వాలి. అంత ఎత్తున కూర్చుని ఇనప దూలాలు దింపేవాడికి కన్ను లేకపోతే ఉద్యోగం లేనట్టే. అత్తవారిది అంబాజీపేట దగ్గర, కొబ్బరి వ్యాపారం. అప్పుడు మనుగుడుపులు జరుగుతున్నాయి. అంటే తెలుసుగా, పెళ్లయ్యాక కొత్త దంపతుల్ని అమ్మాయి పుట్టింట్లో ఉంచుకుని, అల్లుడికి ఊపిరాడకుండా వడ్డించడం.

నల్లద్దాలు తీయించాను. కుడికన్ను చింతనిప్పులా ఉంది. నల్లగుడ్డు అంచున బియ్యపు నూకంత తెల్లమచ్చ.

"కళ్ళకలకండీ" అన్నారు అత్తగారు. "నందివర్ధనం పూలు పెట్టేను, తగ్గలేదండి. మా వీధిలో బాలింత ఉంది, చనుబాలు చుక్క వేయించేను..."

"ఇంకేం వేసేరు?"

"ఇంకేం లేదండి. ఆముదం వేద్దామనుకునేసరికి మా అమ్మాయి గోలపెట్టేసింది."

అమ్మాయి, అంటే పెళ్లికూతురు, నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లింది. "ఆయమ్మగారూ, ఈయన లెన్సులు పెట్టుకుంటారండి. మావాళ్లకి తెలీదండి. పెళ్లిచూపుల్లో వీళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు మాత్రం మొదటిరోజే చెప్పేరు. మీరు అనకండి, మీకు పుణ్యముంటుంది."

పుణ్యం సంగతి తర్వాత, కన్ను సంగతి చూద్దాం రమ్మన్నాను. వాళ్లిద్దర్నే లోపలికి తీసుకెళ్లాను. డాక్టరుగారు పచ్చరంగు చుక్క వేసి, నీలం దీపం కింద చూసి, పుండే అన్నారు. అంచున ఉంది కాబట్టి అదృష్టం, లోపలికి పాకకూడదు అన్నారు. "లెన్సులు పెట్టుకుని నిద్రపోతున్నావా?"

"లేదండి."

"నేనే దగ్గరుండి తీయిస్తున్నానండి" అంది పెళ్లికూతురు. "చేతులు కడిగించి, డబ్బీలో పెట్టించి, అప్పుడు లైటు ఆపుతానండి."

డాక్టరుగారు నావైపు చూశారు. నేను దర్జాగా గోడ మీది బోర్డు చూపించాను. పెళ్లికొడుకు ముందుకి వంగి, బుద్ధిగా పైకి చదివి, "ఆయ్, అచ్చం అలాగే చేస్తున్నానండి" అన్నాడు. అబద్ధమాడే మొహం కాదది. ఇరవై ఆరేళ్లలో నేను చూడని అబద్ధపు మొహం లేదు.

లెన్సులు రెండు కళ్లకీ పూర్తిగా బంద్ అని, గంటగంటకీ చుక్కలు వేయమని పంపారు. పాత కళ్ళజోడు తల్లిగారింట్లో ఉందట, తెప్పించుకోమన్నారు. రెండో రోజు వచ్చాడు. తగ్గలేదు. మచ్చ నూక నుంచి గింజయింది. డాక్టరుగారు మొహం ముడిచారు. "చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో. అమ్మా, వాళ్ల ఊరు నీకు దారేగా. రేపు వెళ్లి ఒకసారి చూసి రా."

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లాను. వాకిట్లో కొబ్బరికాయల రాశి, పక్కన కాయలు వొలిచేవాళ్లు. లోపల వరండాలో అరిటాకుల ముందు మగవాళ్లు. పెళ్లికొడుకు మధ్యలో. నన్ను గుమ్మంలోంచే గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. నాకక్కడే అనుమానం వచ్చింది. ఈ అబ్బాయికి లెన్సులు లేకపోతే బారెడు దూరంలో మనిషికీ మొక్కజొన్న చేనుకీ తేడా తెలీదు, అంత పవరు. దగ్గరకెళ్లి చూస్తే, ఉన్నాయి. రెండు కళ్లలోనూ.

నోరు తెరిచాను. అతను కళ్లతోనే బతిమాలాడు. ఈలోగా అత్తగారు నా భుజం పట్టుకుని, "ఆయమ్మగారూ, భోజనం వేళకి వచ్చి నిలబడతారేంటండీ, రండి రండి" అని ఆడవాళ్ల వరసలో కూర్చోబెట్టేసింది.

ఇక్కడ నా తప్పు రాసుకుంటున్నాను. అప్పుడే లేచి తీయించాల్సింది. సరే, తినేలోగా ఏం మునుగుతుందిలే అనుకున్నాను. పనసపొట్టు కూర వడ్డించారు. మామిడికాయ పప్పు, రొయ్యల వేపుడు, కొర్రమీను పులుసు, పూతరేకులు. మామిడి రసం గిన్నెతో తెచ్చి పోశారు. వద్దని చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీదే పోశారు. ఆ పైన గడ్డపెరుగు. లేచేసరికి నా ఒంట్లో ఎముకలు ఉన్నట్టు లేదు. "అయిదు నిమిషాలు అలా ఒరగండి" అంది అత్తగారు. చాప చల్లగా ఉంది. ఒరిగాను.

కళ్లు తెరిచేసరికి మూడు దాటింది.

ఇల్లంతా పడుకుంది. అత్తగారు నా పక్కన, వంటామె గుమ్మానికి అడ్డంగా. కాయలు వొలిచేవాళ్లు రాశి పక్కనే తుండుగుడ్డలు కప్పుకుని. ఊరి కుక్కతో సహా పడుకుంది. వరండాలోకి పరిగెత్తాను. రెండు నవారు మంచాలు. ఒకదాని మీద మామగారు, రెండోదాని మీద పెళ్లికొడుకు, లయ తప్పకుండా గురక.

తట్టి లేపాను. రెప్పలు అతుక్కుపోయి, ఓ పట్టాన తెరుచుకోలేదు. లెన్సులు లోపలే ఉన్నాయి.

"ఏం బాబూ, లెన్సులు పెట్టుకుని పడుకుంటారా?"

"పడుకోలేదండీ. నడుం వాల్చేనంతే."

"గురక పెట్టేరు కదండీ."

"అది అలవాటండి."

పక్క మంచం మీంచి మామగారు కళ్లు తెరవకుండానే, "మా ఇంట్లో పగలు పడుకునే అలవాటు ఎవరికీ లేదండి" అని చెప్పి, అటు తిరిగి మళ్ళీ గురక అందుకున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. భోజనం నుంచి నాలుగింటి టీ దాకా, రోజూ మూడు గంటలు, ఇన్నాళ్లుగా. అతను అబద్ధం చెప్పలేదు, పెళ్లికూతురూ చెప్పలేదు. కోనసీమలో మధ్యాహ్నం భోజనం తర్వాత జరిగేదాన్ని నిద్ర అని ఎవరూ అనరు, నేను కూడా అనను. ఇందాకటి దాకా చాప మీద నేను చేసింది కూడా అదే. "మీ బోర్డులో రాత్రి అనుందండి" అన్నాడు అతను, ఎత్తిపొడుపు లేకుండా, ఎంతో మర్యాదగా. చెంప మీద కొట్టినా అంత తగలదు.

"సరే, బోర్డు నాది, తప్పు నాది. మరి అసలు పెట్టొద్దన్నాక ఎందుకు పెట్టేరు?"

తల వంచుకున్నాడు. పెళ్లికూతురు వెనకనుంచి వచ్చి, నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. "చెప్పండి" అని అతన్ని పొడిచింది. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పెళ్లయిన మూడో నాడు మధ్యాహ్నం బుద్ధిగా లెన్సులు తీసేసే నడుం వాల్చాడట. మెలకువ వచ్చేసరికి పక్కన ఆకుపచ్చ చీర మసగ్గా కనిపించింది. పెళ్లామే అనుకుని బోర్లా తిరిగి, "ఏమే, వీపు దురదగా ఉంది, కాస్త గోకవా" అన్నాడట. ఆ చీర పెళ్లాంది కాదు, అత్తగారి చెల్లెలిది. పక్కవీధిలో ఉంటుందావిడ, యాభై దాటాయి. ఆ సాయంత్రానికి వీధి వీధంతా తెలిసింది. అంతే, ఆనాటి నుంచి పగటిపూట లెన్సులు తీయడానికి అతనికి ధైర్యం చాల్లేదు. "కన్ను పోయినా ఫర్వాలేదండీ, మళ్ళీ అలాంటిది జరిగితే నేను గోదాట్లో దూకాలండి" అన్నాడు.

ఈలోగా అత్తగారు టీ గ్లాసులతో వచ్చింది. ఆవిడ వెనక, టీ వేళకి రోజూ వస్తుందట, ఆ చెల్లెలుగారే. పెళ్లికూతురు నా మోచెయ్యి గట్టిగా గిల్లింది, చెప్పొద్దని. అతని కన్ను చూశాను. గిల్లుడు రెండ్రోజుల్లో తగ్గుతుంది, కన్ను తగ్గదు.

"అమ్మా, మీ అల్లుడుగారికి చూపు తక్కువ. దానికి కళ్లలో లెన్సులు పెట్టుకుంటారు. వాటితో పగలు నిద్రపోయి పుండు తెచ్చుకున్నారు. మీకు తెలుస్తుందని తీయడం మానేశారు. ఇప్పుడు నేను తీస్తాను, తీశాక ఎవరైనా కోప్పడాలంటే కోప్పడండి."

మామగారు లేచి కూర్చున్నారు. సబ్బుతో చేతులు కడుక్కుని, మందునీళ్లు చుక్కలు చుక్కలుగా వేసి, ఆరిపోయి అంటుకున్న లెన్సు కదిలేదాకా ఆగి, రెండు వేళ్లతో మెల్లిగా తీశాను. నా వేలి చివర ఆ పల్చటి పొర చూసి అత్తగారి చేతిలో టీ పళ్లెం వంకర తిరిగింది.

"ఓరి దేవుడో, గుడ్డు మీది తోలు వొలిచేసింది" అని అక్కడే కూలబడింది. అది ప్లాస్టిక్కమ్మా అని చెప్పి, ఆవిడ చేతిలో పెట్టి నలిపించి చూపించేసరికి నా ప్రాణం తోకకొచ్చింది.

తేరుకున్నాక ఆవిడకి మొదట వచ్చిన సందేహం ఇది: "అయితే ఆవేళ మా చెల్లెల్ని వీపు గోకమన్నది కనబడకేనా?"

"ఆయ్, కనబడకేనండి" అన్నాడు పెళ్లికొడుకు, మంచంలోకి కుంగిపోతూ.

"నేను చెప్పలేదూ, కుర్రవాడు మంచివాడేనని" అన్నారు మామగారు. తర్వాత ఒక్క క్షణం ఆలోచించి మరదలి వైపు తిరిగారు. "ఇంతకీ గోకేవా?"

"కొత్తల్లుడుగారు నోరు తెరిచి అడిగితే కాదంటామా బావగారూ" అంది ఆవిడ. అని, నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది. "ఆయమ్మగారూ, చూపు తక్కువే అనుకోండి. ఏదో ఒక పోలిక లేకుండా ఇరవై మూడేళ్ల పిల్లనుకుంటారేంటండీ?"

ఉంటుందమ్మా పోలిక, అన్నాను. ఆ ఒక్క మాటతో ఆవిడకి నాలుగేళ్లు వయసు తగ్గిపోయింది.

నవ్వు ఆటో ఎక్కేదాకానే. ఆసుపత్రిలో నీలం దీపం కింద చూస్తే మచ్చ నల్లగుడ్డు మధ్యకి దారి పట్టింది. డాక్టరుగారు కుర్చీ వెనక్కి తోసి, "ఇంకో రెండ్రోజులు ఇవే మర్యాదలు జరిగితే కన్ను కూడా మర్యాదగా సెలవు తీసుకునేది" అన్నారు. ఘాటు మందు రాశారు, అరగంటకోసారి. మూడు రోజుల్లో వెనక్కి తగ్గకపోతే కాకినాడ పంపుతామన్నారు. అప్పుడు నేను చెప్పాను, ఆ బోర్డు రాత నాదండీ, రాత్రి అని రాసింది నేనండీ, అని. ఆయన బోర్డు వైపు చూసి, "లామినేషన్ చేయించింది నేనే కదమ్మా" అన్నారు. అంత పెద్దమనిషి అలా అనేసరికి తిట్టినా బాగుండుననిపించింది. కాంపౌండరుగారు ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. స్టూలు తెచ్చి, బోర్డు దింపి, క్యాలెండరు కాగితం ఒకటి వెనక్కి తిప్పి నా ముందు పెట్టారు.

కొత్త బోర్డు ఆ రోజే రాశాను. ఒక్క ముక్కలో పట్టించాలన్న సరదా నాకు తీరిపోయింది. "రాత్రి గాని, పగలు గాని, మంచం మీద గాని, బస్సులో గాని, అత్తవారింట గాని, అయిదు నిమిషాలు గాని, రెప్ప వాలబోయే ముందు లెన్సులు తీయవలెను. నడుం వాల్చుట కూడా నిద్రయే." కాంపౌండరుగారు చదివి, "దీనికి గోడ చాలదండీ, పక్కింటాయన్ని అడగాలి" అన్నారు. ఆయన నాలుక మళ్ళీ దారిలో పడినందుకు సంతోషించాను.

మొదటి రోజు మచ్చ కదల్లేదు. రెండో రోజూ కదల్లేదు. ఆ రెండ్రోజులూ నాకు అన్నం సయించలేదు. అత్తగారు మాత్రం మర్యాదలన్నీ మందు వైపు తిప్పేసింది. పూతరేకులకి పెట్టిన పట్టుదలంతా చుక్కలకి పెట్టింది. ఫోనులో అరగంట అలారం మోగకముందే సీసా పట్టుకుని నిలబడేదట, అతను కళ్లు కడుక్కోబోతే వెంటపడి తువ్వాలు లాక్కునేదట. కొడుకుని అంతర్వేది పంపి కళ్ళజోడు తెప్పించి, తనే తుడిచి, అల్లుడి ముక్కు మీద పెట్టింది. "సోడాబుడ్డిలా ఉన్నాయి, ఉంటే ఉన్నాయి" అందట. మూడో రోజు మచ్చ అంచు చెదిరింది. నాలుగో రోజు వెనక్కి జరిగింది.

మూడు వారాలకి కాగితం ఇచ్చే రోజు వచ్చింది. మళ్ళీ అదే వ్యాను, అదే తొమ్మిదిమంది. కుడికన్ను ఎరుపు పోయి తెల్లబడింది. అంచున ఆవగింజంత మచ్చ మిగిలింది, అది జన్మంతా ఉంటుంది. చూపుకి అడ్డమో కాదో అక్షరాల బోర్డే చెప్పాలి. కళ్ళజోడు పెట్టించి, ఎడమకన్ను మూయించి, కూర్చోబెట్టారు. మిగతావాళ్లని బయట ఉండమంటే, ఆయ్ అని అందరూ లోపలికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు.

పై వరసలు గడగడా చదివాడు. కింది నుంచి రెండో వరస దగ్గర ఆగాడు. ఆ వరస వస్తేనే కాగితం. పెళ్లికూతురు తాళి గుప్పిట్లో పట్టుకుంది. అంతలో వెనకనుంచి సన్నగా గొంతు. "'మ', అల్లుడుగారూ. 'మ'."

డాక్టరుగారు వెనక్కి తిరిగారు. "అమ్మా, మీరు చదివితే గల్ఫు మీరెళ్లాల్సొస్తుంది."

"వెళ్తానండి" అంది అత్తగారు. "ఆయన కన్నుంటే చాలండి, క్రేను నేను నడుపుతాను."

పెళ్లికొడుకు చెయ్యెత్తి ఆపమన్నాడు. "నాకు కనబడుతోందండి అత్తయ్యగారూ. మీ గొంతు విని ఆగేను." చదివాడు. తడుముకోకుండా, వరస చివరిదాకా. డాక్టరుగారు సంతకానికి పెన్ను తీశారు.

తర్వాత ఆసుపత్రి వరండాలోనే క్యారేజీలు విప్పారు. నాకు తెలుసు విప్పుతారని, అందుకే పొద్దున టిఫిను మానేసి వచ్చాను. కాంపౌండరుగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. తిన్నాక పెళ్లికొడుకు బెంచీ మీద గోడకి జారబడ్డాడు. రెప్పలు బరువెక్కాయి. తల ఇలా పక్కకి వాలిందో లేదో, అత్తగారూ, చెల్లెలుగారూ, మామగారూ, పెళ్లికూతురూ, బావమరిదీ, అందరి చేతులూ ఒక్కసారే అతని మొహం మీదికి వెళ్లాయి, కళ్ళజోడు తీయడానికి.

కళ్ళజోడు పెట్టుకుని పడుకుంటే కంటికేమీ కాదని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. జాగ్రత్త ఎక్కువై కన్ను పోగొట్టుకున్నవాణ్ణి ఇరవై ఆరేళ్లలో ఒక్కణ్ణీ చూడలేదు.